మా బండి బ్యాటరీ

మా చిన్నతనంలో శివరాత్రికి శ్రీకాళహస్తి పోవాలంటే గూడుబండి కట్టేవాళ్ళు. బండి ఇరుసుకు ఒక లాంతరు వేలాడుతూ ఉండేది. బయలుదేరే ముందు మా అవ్వ కిరసనాయిలు సీసాను వెలుతురుకెత్తి చూసి, "పోయేటప్పుడు రెండు రాత్రులు, వచ్చేటప్పుడు రెండు రాత్రులు. వత్తి సన్నంగా పెట్టండిరా!" అనేది. అవ్వకు అక్షరం ముక్క రాదు. కాని సీసాలో ఎంత నూనె ఉన్నదీ, దీపం రాత్రికి ఎంత తాగేదీ ఆమెకు బాగా తెలుసు.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరయాను. బ్యాటరీ బొమ్మ నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. అయినా మా అవ్వకు తెలిసిన లెక్క నాకు తెలియక ఒకసారి మా ఆవిడను చిక్కులో పెట్టాను. ఆ సంగతే ఇప్పుడు చెబుతాను.

మా అబ్బాయి శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. తెలియని పిల్లల కోసం చెబుతున్నాను: తడ రైలు స్టేషనుకు దగ్గరగా, సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల భూములలో 2008లో వెలసిన కర్మాగారాల నగరం అది. చెన్నపట్నానికి ఉత్తరంగా సుమారు 55 కిలోమీటర్లు ఉంటుంది. కార్లు చేసేవాళ్ళున్నారు, రైలు పెట్టెలు చేసేవాళ్ళున్నారు. నేను రిటైరయాక మేమిద్దరం అబ్బాయి దగ్గరికి వచ్చి సత్యవేడులో స్థిరపడ్డాము.

అబ్బాయి ఒక పాత వ్యాను కొని, రవాణా శాఖవారి అనుమతి తీసుకుని, లోపలి సీట్లు తీయించి రెండు పడకలు, ఒక గ్యాసు పొయ్యి, నీళ్ళ తొట్టి, రెండు దీపాలు, చిన్న ఫ్యాను, చిన్న ఫ్రిజ్ పెట్టె అమర్చాడు. సినిమావాళ్ళు క్యారవాన్ అంటారే, అదే జాతి. కాకపోతే వాళ్ళది రాజుగారి మేడ, మాది గూడుబండికి మనవడు. ఫ్రిజ్ పెట్టె మాత్రం సోకు కోసం కాదు. మా ఆవిడకు మధుమేహం. రోజూ ఇన్సులిన్ వేసుకోవాలి. ఆ మందు ఎండకు తాళదు.

బండిలో ఇంజను తిప్పే బ్యాటరీ ఒకటి ముందే ఉంటుంది. దానితోనే రాత్రి దీపాలు వేసుకుంటే తెల్లవారేసరికి ఇంజను కదలదు. అందుకని ఇంటి అవసరాలకు వేరే బ్యాటరీ ఉండాలి. "అది నేను చూస్తాను," అన్నాను, భౌతికశాస్త్రం మాస్టరును గదా!

కాగితం తీసుకుని లెక్క వేశాను. 5 వాట్ల దీపాలు రెండు, 5 గంటలు: 50 వాట్ గంటలు. 15 వాట్ల ఫ్యాను 8 గంటలు: 120. ఫ్రిజ్ 45 వాట్లది. అది రోజంతా ఆడదు, చల్లబడగానే ఆగి, వేడెక్కగానే మళ్ళీ ఆడుతుంది. మొత్తం మీద 8 గంటలు ఆడుతుందనుకుంటే 360. సెల్‌ఫోన్లకు 20. అంతా కలిపి 550. దాన్ని 12 వోల్టులతో భాగిస్తే సుమారు 46 ఆంపియరు గంటలు వచ్చింది.

ఆంపియరు గంట అంటే ఏమిటంటారా? ఆంపియరు వత్తి లావును చెబుతుంది, గంట దీపం వెలిగిన కాలాన్ని చెబుతుంది. రెండూ గుణిస్తే ఎంత నూనె ఖర్చయిందో తెలుస్తుంది. అవ్వ సీసా లెక్కే ఇది.

దుకాణంలో కార్లకు వేసే బ్యాటరీ ఒకటి చవకగా ఉంది. దాని మీద 65 ఆంపియరు గంటలు అని ఉంది. నాకు కావలిసింది 46. "ఇంకా 19 మిగులుతుంది!" అనుకుని కొనేశాను. దుకాణదారు కూడా, "బ్యాటరీ ఏదైనా బ్యాటరీయే సార్," అన్నాడు. ఆ దుకాణం ఏదో చెప్పను. లెక్క వేసినవాణ్ణి నేనే గదా.

మొదటి రెండు ప్రయాణాలు బాగానే జరిగాయి. మూడోది 2023 మే నెలలో. సత్యవేడు నుంచి ఊతుకోట మీదుగా సురుటుపల్లి వెళ్ళాము. అక్కడ శివుడు లింగరూపంలో కాక, విషం మింగి సొమ్మసిల్లి పార్వతి ఒడిలో తల పెట్టుకుని పడుకుని ఉంటాడు. మా మనవరాలు ఆ విగ్రహాన్ని వదిలి రానన్నది. అక్కణ్ణించి నాగలాపురం పోయి, ఒక మామిడితోపులో రాత్రి బస చేశాము.

తెల్లవారుజామున ఫ్యాను ఆగింది. "ఫ్యాను చెడింది," అని నేను నిశ్చయించి, కిటికీలు తెరిచి పడుకున్నాను. పొద్దున లేచి ఫ్రిజ్ వైపు చూడనన్నా చూడలేదు. బండి తలుపులు వేసి వేదనారాయణస్వామి గుడికి పోయి, తరవాత తోపులవాళ్ళతో కబుర్లు చెప్పి, ఎండ నడినెత్తికి వచ్చి దిగాక బండి దగ్గరికి చేరాము. నీడ ఎప్పుడో తప్పుకున్నది. తలుపు తెరిస్తే ఇటుక బట్టీ ముందు నిలబడ్డట్టు ఉంది. ఫ్రిజ్ పెట్టెలో చిన్న దీపం ఆరిపోయి ఉంది. ఇన్సులిన్ సీసా చేతికి వేడిగా తగిలింది.

కొత్త సీసాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. వాడకంలో ఉన్న సీసా కొద్ది వారాలు మామూలు చల్లని గదిలో ఉన్నా ఫరవాలేదు. కాని అట్లా ఉడికిన మందును నమ్మరాదు. పైకి చూస్తే నీళ్ళలాగే ఉంటుంది, లోపల మందు బలం పోయి ఉండవచ్చు. డాక్టరుకు ఫోను చేస్తే, "పారెయ్యండి, కొత్తది కొనండి," అన్నారు. సాయంత్రం మందు వేళకు పుత్తూరు చేరి, షాపు తెరిచి ఉండబట్టి బతికిపోయాము. దారి పొడుగునా మా ఆవిడ ఒక్క మాట అనలేదు. ఇల్లు చేరాక మాత్రం, "మట్టికుండలో తడిఇసక పోసి పెట్టుకున్నా సరిపోయేది," అన్నది. ఆ మాట కంటే నాలుగు తిట్లు తిట్టినా నాకు హాయిగా ఉండేది.

సత్యవేడులో మోటారుబండ్ల కరెంటు పని చేసే అతనొకడు నా పాత శిష్యుడు. తొమ్మిదో తరగతిలో నా పాఠం వింటూ కునుకు తీసేవాడు. బ్యాటరీ తీసుకుపోయి అతని ముందు పెట్టాను. పరీక్ష చేసి, నవ్వు ఆపుకుంటూ, "సారూ, ఇది పందెపు గుర్రం. మీరు దీన్ని గానుగకు కట్టినారే!" అన్నాడు.

తరవాత, మచ్చుకోసం కోసి కడిగి పెట్టిన రెండు పాత బ్యాటరీలను చూపించాడు. కారు బ్యాటరీలో సీసపు పలకలు సన్నంగా, ఎక్కువగా ఉన్నాయి. ఇంజను తిప్పటానికి కొద్ది సెకండ్ల పాటు రెండు మూడు వందల ఆంపియర్లు ఒక్కసారిగా కావాలి. పలకలు ఎన్ని ఎక్కువ ఉంటే ఆమ్లం అంత విశాలంగా తగులుతుంది, కరెంటు అంత ఉధృతంగా వస్తుంది. ఇంజను కదలగానే ఆల్టర్నేటరు ఆ ఖర్చును పూడ్చేస్తుంది. అది ఎప్పుడూ నిండు కడుపుతోనే ఉండే గుర్రమన్నమాట. దాన్ని రాత్రంతా పిండి అడుగంటా ఖాళీ చేస్తే, పలకల మీది ముద్ద రాలి అడుగున బురదగా చేరుతుంది. అట్లా కొద్దిసార్లు చేస్తే చాలు, 65 అని రాసి ఉన్నదానిలో సగం కూడా నిలవదు.

రెండోది ట్యూబులర్ బ్యాటరీ. ఇళ్ళలో ఇన్వర్టర్లకు పెట్టేది అదే. దానిలో ధనపలక మామూలు పలక కాదు, పక్కపక్కన పేర్చిన గొట్టాల వరస. ప్రతి గొట్టం మధ్యా ఒక సీసపు పుల్ల, దాని చుట్టూ మందు కూరి, పైన గట్టి బట్ట తొడుగు. తొడుగు ఉన్నది గనక మందు సులువుగా రాలిపోదు. నెమ్మదిగా, చాలా సేపు ఇస్తుంది. గానుగెద్దు అది.

"సగం కంటే ఎక్కువ వాడొద్దు సారూ. నూరు కొని యాభై వాడుకోండి," అన్నాడు నా శిష్యుడు. నేను పాఠంలో చెప్పనిది ఈ సగం సంగతే. ఎందుకు సగమో నాకు అప్పుడు తట్టింది.

బ్యాటరీలో ధనపలక మీద ఉండేది సీసపు డయాక్సైడు, ఋణపలక మీద గుల్లగా ఉండే సీసం, చుట్టూ నీళ్ళు కలిపిన గంధకామ్లం. కరెంటు వాడుకుంటున్న కొద్దీ రెండు పలకలూ సీసపు సల్ఫేటుగా మారుతూ వస్తాయి, ఆమ్లం పలచబడుతుంది. చార్జి చేస్తే అంతా వెనక్కు తిరుగుతుంది. కాని ఖాళీగా రోజుల తరబడి వదిలేస్తే ఆ సల్ఫేటు పెద్ద స్ఫటికాలుగా గట్టిపడి, ఇక వెనక్కు తిరగదు. ఎంత ఎక్కువ ఖాళీ చేస్తే అంత నష్టం. ఈ విద్య కొత్తది కాదు. 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెండు సీసపు రేకులను మధ్య అడ్డుపెట్టి చాపలాగా చుట్టి ఆమ్లంలో ముంచాడు. మళ్ళీ మళ్ళీ చార్జి చెయ్యటానికి వీలైన మొదటి బ్యాటరీ అదే. 1881లో కామిల్ ఫోర్ అనే ఆయన రేకుల మీద సీసపు ముద్దను పూసి బలం పెంచాడు. మా చిన్నప్పటి రైలు పెట్టెల కింద ఇట్లాంటి బ్యాటరీలే పెట్టెలకొద్దీ ఉండేవి. రైలు పోతుండగా ఇరుసుకు పట్టీ వేసిన డైనమో వాటిని నింపేది, రైలు ఆగినప్పుడు అవి దీపాలు వెలిగించేవి. అంటే రైలుకు ఈ క్యారవాన్ విద్య ఎప్పటినుంచో తెలుసు. 1985లో గల్లా రామచంద్రనాయుడు గారు అమరరాజా సంస్థ ప్రారంభించాక, తిరుపతి పక్కనున్న కరకంబాడి పేరు కూడా బ్యాటరీలకు ప్రసిద్ధికెక్కింది.

ఇంతకూ ఏది కొనాలి? అబ్బాయి లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ కొందామన్నాడు. దానికి నీళ్ళు పొయ్యనక్కర లేదు. బరువు సీసపుదానిలో మూడో వంతు. సగం కాదు, నూటికి 80, 90 పాళ్ళు వాడుకున్నా బాధ లేదు. ఎక్కువ కాలం మన్నుతుంది. కాని ఖరీదెక్కువ, చార్జరు దానికి తగినది వేరే ఉండాలి. మూత వేసి సీలు చేసిన జెల్ బ్యాటరీలు కూడా ఉన్నాయి. ఒలకవు, నీళ్ళడగవు. బండిలో పడకల పక్కనే పెట్టవలసి వస్తే ఈ రెంటిలో ఒకటి కొనటమే మంచిది. మాకు బండి వెనకభాగంలో బయటికి తెరుచుకునే అర ఒకటి ఉంది. అందుకని నేను ట్యూబులరే తీసుకున్నాను, 100 ఆంపియరు గంటలది. మూత తీసి లోపలికి చూడగలిగిన వస్తువంటే నాకు మొదటినుంచీ ఇష్టం. అబ్బాయికి ఇప్పటికీ అసంతృప్తే. బరువెత్తేది వాడే గదా!

100 అంటే, 5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు ఇస్తుందని అర్థం. ఒకేసారి గట్టిగా లాగితే అంత రాదు. దానిలో సగం 50. నాకు కావలిసింది 46. ఈసారి లెక్క కుదిరింది. పాత బ్యాటరీని దుకాణానికే తిరిగి ఇచ్చేశాము. పిల్లలూ, పాత బ్యాటరీని పెరట్లో పగలగొట్టి సీసం కరిగించేవాళ్ళుంటారు. ఆ దరిదాపులకు పోకండి. సీసం పిల్లల మెదడుకు విషం. సరైన కర్మాగారానికి చేరితే అదే సీసం మళ్ళీ కొత్త బ్యాటరీ అవుతుంది. పాతవాటిని తయారీదార్లే తిరిగి సేకరించే ఏర్పాటు చెయ్యాలని 2022లో నిబంధనలు కూడా వచ్చాయి. పాతదానికి వచ్చిన డబ్బులో కొంత పెట్టి మా ఆవిడ ఒక మట్టికుండ కొన్నది. బండిలో ఫ్రిజ్ పక్కనే పెట్టింది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఇక దాని పోషణ. చార్జి నిండే సమయంలో నీళ్ళు విడిపోయి ఉదజని, ప్రాణవాయువు బుడగలుగా వస్తాయి. ఉదజని గాలిలో నూటికి 4 పాళ్ళు కలిసినా నిప్పురవ్వకు పేలుతుంది. అది తేలిక గనక పైకి పోతుంది. అందుకే అరకు పైనా కిందా కన్నాలు పెట్టించాము. దాని దగ్గర అగ్గిపుల్ల పనికిరాదు. నీళ్ళు అట్లా తగ్గుతాయి గనక నెలకొకసారి చూసి డిస్టిల్డు వాటరే పొయ్యాలి. మా ప్రాంతపు బోరునీళ్ళలో లవణాలు జాస్తి, అవి పలకలను చెరుస్తాయి. తాగే శుద్ధినీళ్ళు కూడా వద్దు. ఆమ్లం అసలు పొయ్యరాదు, తగ్గేది నీళ్ళే గాని ఆమ్లం కాదు. చార్జి చేశాకనే పొయ్యాలి. ముందే పోస్తే పొంగి ఒలుకుతుంది. పలకలు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేటంత ముందే పొయ్యాలి. ఇవన్నీ పెద్దవాళ్ళు కళ్ళద్దాలు, చేతులకు తొడుగులు పెట్టుకుని చెయ్యవలసిన పనులు.

మా మనవరాలికి ఇచ్చిన పని వేరు. ప్రతి ఆదివారం పొద్దున, రాత్రంతా ఊరికే ఉన్న బ్యాటరీకి వాళ్ళ నాన్న మీటరు పెడితే, అంకె చూసి పలక మీద రాస్తుంది. 12.7 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12కు దిగితే పస్తున్నట్టు. తీగ బిగించిన చోట తెల్లగా, పచ్చగా బూజులాంటిది పట్టితే, వాడు తీగలు విప్పి, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళతో తుడిచి, ఆరాక వాజలైను రాస్తాడు. విప్పేటప్పుడు ఋణధ్రువం ముందు, బిగించేటప్పుడు అది చివర. చేతికి ఉంగరం ఉండకూడదు. రెండు ధ్రువాల మధ్య లోహం తగిలితే ఉంగరం క్షణంలో కాగి వేలు కాలుతుంది. తీగకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. ఇంకో చిక్కు ఎండ. బ్యాటరీ ఉండే చోటు 10 డిగ్రీలు వేడెక్కితే దాని ఆయుష్షు సగానికి పడిపోతుందని స్థూలంగా ఒక లెక్క. బండి పైన 100 వాట్ల సౌరపలక ఉన్నది. దానికి ఎండ కావాలి, బ్యాటరీకి నీడ కావాలి. మధ్యలో మనుషులం మేము!

ఆ డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది గాని, అంతకు ముందే మా వైపు కుండపోతగా కురిసింది. మా వీధిలో కరెంటు పోయింది. ఇన్వర్టర్లున్న ఒకటి రెండు ఇళ్ళలో మొదటి రాత్రికే దీపాలు గుడ్డివైపోయాయి. మా బండి వాకిట్లో ఉంది. ఇంజను నడిపి చార్జి చేద్దామంటే నీళ్ళు పొగగొట్టం దాకా వచ్చాయి. ఆకాశంలో సూర్యుడి జాడ లేదు. ఉన్నది నిండు బ్యాటరీ ఒకటి. దానిలో సగం, అంటే 600 వాట్ గంటలు.

పక్కింటి ఆరేళ్ళ పిల్లవాడికి ఉబ్బసం. ఆ చలికి ఆయాసం ఎక్కువైంది. మందును ఆవిరిలాగా పీల్పించే నెబ్యులైజరు వాళ్ళ ఇంట్లో ఉంది, కరెంటే లేదు. వాళ్ళ అమ్మ వానలో తడుస్తూ వచ్చి, "మీ బండిలో ఇది ఆడుతుందా సార్?" అని అడిగింది. బండిలో చిన్న ఇన్వర్టరు ఉంది. ఆ యంత్రం 120 వాట్లది, చప్పుడు గానుగంత. చూడగానే నా గుండె జారింది. కాని అది ఆడేది 10 నిమిషాలే. 20 వాట్ గంటలు, ఇన్వర్టరులో పోయేది కలుపుకుంటే 25. చప్పుడు లేకుండా మూల కూర్చున్న మా ఫ్రిజ్ ఆ చలికాలంలో కూడా రోజుకు 180 తాగుతుంది!

మనవరాలు పలక తెచ్చింది. మొదటి రోజు ఫ్రిజ్‌కు 180, నెబ్యులైజరుకు నాలుగుసార్లు 100, దీపాలకు 50, వీధివాళ్ళ ఫోన్లకు 120. మొత్తం 450. మిగిలింది 150. రెండో రోజు పిల్లవాడికి మళ్ళీ 100 కావాలి. "తాతా, ఫ్రిజ్ ఆపేస్తే?" అన్నది. నేను మా ఆవిడ వైపు చూడలేకపోయాను. ఆమె అప్పటికే కుండలో ఇసక తడిపి, మందు సీసాను ఒక డబ్బాలో పెట్టి దానిలో దించింది. డిసెంబరు చలి గనక ఆ మాత్రం చల్లదనం చాలు. రెండోసారి ఫోను చార్జికి వచ్చిన ఒకాయనను కాదన్నాను. ఆయనకు కోపం వచ్చింది. చాలా రోజులు పలకరించలేదు.

మూడో రోజు పొద్దున కరెంటు వచ్చింది. పిల్లవాడు తేరుకుని వాకిట్లో కాగితం పడవలు వదులుతున్నాడు. అబ్బాయి మీటరు పెట్టాడు. మనవరాలు పలక మీద 12.2 అని రాసి, పక్కన గీత గీసి, "నాన్నా, వెంటనే చార్జికి పెట్టు, గట్టిపడిపోతుంది," అన్నది. నీళ్ళు తీసే పని కూడా పక్కన పెట్టి, వాడు ముందు బ్యాటరీకి తీగ తగిలించాడు.